గాజుపెట్టె మీది ఇటుక

నురాతా
సెప్టెంబరు 27

మస్తూరా అక్కకు,

ఈ ఉదయం ఇటుక తిరగబడి ఉంది.

గాజుపెట్టె మూత కదలకుండా దాని మీద ఒక ఇటుక పెడతాను. బట్టీ ముద్ర పైకి కనిపించేలా పెడతాను. ప్రత్యేకమైన కారణం ఏమీ లేదు, అక్షరాలు ఎక్కడ కనిపించినా చదవడం నాకు అలవాటు. ఈ రోజు కాలువ నుంచి నీళ్ళు తెచ్చి గదిలోకి వచ్చేసరికి ముద్ర కిందికి ఉంది. పెట్టెలో ఉడుము పిల్ల మూలకు నక్కి, గొంతు ఎగరేస్తూ ఉంది.

పెళ్ళయ్యాక నీకు రాసే మొదటి పెద్ద ఉత్తరం ఉడుము గురించి అవుతుందని నేను అనుకోలేదు. కానీ మన చుట్టాలందరిలో జంతుశాలలో పాములతో, బల్లులతో పనిచేసేది నువ్వు ఒక్కదానివే.

జూలైలో ఆయన పనిచేసే చోట గ్యాసు గొట్టాల కోసం ఎడారిలో కందకం తవ్వుతుంటే యంత్రం ఒక బొరియను చీల్చిందట. లోపల ఉన్న గుడ్లలో ఒకటి తప్ప అన్నీ చితికిపోయాయి. ఆ ఒక్కదాన్ని టీ డబ్బాలో ఇసుక పోసి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. "అన్నీ పుస్తకాల్లో చదివానంటావుగా. ఇదిగో, ఇది కళ్ళతో చూడు" అన్నారు. ఈ ఇంట్లో నా వస్తువులన్నీ మా అమ్మ మూటకట్టి ఇచ్చినవో, అత్తగారు ఎంచి కొన్నవో. ఆయన నా కోసం తెచ్చింది ఇదొక్కటే.

అత్తగారు డబ్బాలోకి తొంగి చూసి రెండడుగులు వెనక్కి వేశారు.

"ఎచ్కెమార్ గుడ్డా! పేరులోనే ఉంది, మేకల పొదుగు పీల్చే జాతిరా అది, యోద్గోర్! మగాడి కాళ్ళ మధ్య నుంచి దూరిందంటే వాడి వంశం అక్కడితో సరి. కొత్త కోడలున్న ఇంట్లోకి తెస్తావా దాన్ని? తీసుకెళ్ళి పారెయ్!"

"గుడ్డుకు ఇంకా దూరడం రాదులే అమ్మా" అన్నారాయన.

డబ్బాను పొయ్యి గోడ పక్కన వెచ్చగా పెట్టాను. ఈ నెలలో పిల్ల బయటికి వచ్చింది. జానెడు ఉంది. ఒంటి మీద అడ్డంగా నల్ల పట్టీలు, ఎవరో సిరాతో కొట్టివేసినట్టు. ఆయన పాత కిటికీ అద్దాలు అతికి పెట్టె చేసి, నా గదిలో పెట్టి, మళ్ళీ పనికి వెళ్ళిపోయారు. అప్పటి నుంచి అది ఏమీ తినలేదు. మిడతలు పెట్టాను. ఉడికించిన గుడ్డు పెట్టాను. గొర్రె మాంసం సన్నగా కోసి నోటి దగ్గర ఆడించాను. కళ్ళు మూసుకుంటుంది.

ఏం చేయాలో రాయి. ఇది చచ్చిపోతే ఆయనకు ఏం చెప్పాలో నాకు తెలియదు.

నీ చెల్లెలు
హుల్కర్


తాష్కెంట్
అక్టోబరు 4

ఓసి హుల్కర్,

ముందు ఏడుపు ఆపు. ఉత్తరం మీద సిరా రెండుచోట్ల చెదిరింది, నాకు కనబడదనుకున్నావా?

మా విభాగంలో పెద్దవాళ్ళను అడిగాను. ఇసుక ఉడుమును ఇంట్లో పెట్టుకోవడం నేరం, అందుకని ఏదో తోట బల్లి అని చెప్పాను. నువ్వూ వీధిలో అలాగే చెప్పుకో.

గుడ్డులోంచి వచ్చిన పిల్లకు కడుపులో ఇంకా పచ్చసొన మిగిలి ఉంటుంది. అది అరిగేదాకా దానికి ఆకలి వేయదు. ఈలోగా నువ్వు చేయాల్సింది ఒకటే, వేడి. పెట్టెలో ఒక పక్కన కరెంటు దీపం వేలాడదీయి, దాని కింద చదునైన రాయి పెట్టు. ముట్టుకుంటే నీ చెయ్యి వెనక్కి వచ్చేంత వేడెక్కాలి రాయి. కరెంటు పోతే తందూరులో ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి పెట్టు. రెండో పక్క చల్లగా వదులు. మాంసం వద్దు. దాని తలకన్నా చిన్న పురుగులు పెట్టు. మిల్లులో అడిగితే తవుడు పురుగులు ఇస్తారు. పెట్టి, అవతలికి వెళ్ళు. నోట్లోకే చూస్తూ కూర్చుంటే ఎవరు తింటారే? నీ పెళ్ళిలో జనం చూస్తున్నారని నువ్వు ఒక్క మెతుకైనా ముట్టావా?

ఇక ఇటుక సంగతి. దాన్ని ముందు రాసి, ఆ తర్వాత మళ్ళీ దాని ఊసే ఎత్తలేదు. అదే నీ గుణం, భయపడ్డదాన్ని చూడనట్టు దాటిపోతావు. నేను దాటిపోను. ఇటుక తనంతట తాను బోర్లా పడదు. నువ్వు నీళ్ళకు వెళ్ళిన వేళ ఆ ఇంట్లో ఇంకెవరున్నారు? పారెయ్యమన్నది ఎవరు?

మూత మీద పల్చగా పిండి చల్లి వెళ్ళు. తిరిగి వచ్చి చూసి నాకు రాయి.

మస్తూరా


నురాతా
అక్టోబరు 13

మస్తూరా అక్కకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. దీపం కింద రాయి పెట్టాను. మొదటి రోజే అది రాయి ఎక్కి, నాలుగు కాళ్ళూ చాపి, పొట్ట ఆనించి పడుకుంది. సంతోషం వేసింది. తవుడు పురుగులు వేశాను. ఒకటి దాని ముక్కు మీదుగా నడిచి వెళ్ళింది. అయినా ముట్టలేదు.

పిండి చల్లాను. తిరిగి వచ్చేసరికి మూత అంతా శుభ్రంగా తుడిచి ఉంది. వేలిముద్రలు ఉంటే ఏమో అనుకునేదాన్ని, కానీ ఎవరో కొంగుతో తుడిచారు. తుడిచినవాళ్ళకు పిండి ఎందుకు చల్లానో అర్థమై ఉంటుంది. ఆ రోజంతా నేను తల ఎత్తలేదు.

ఇంకొన్ని చూశాను. చూసింది చూసినట్టు రాస్తాను, నువ్వే చెప్పు.

పిల్ల దవడ కింద తెల్లగా ఏదో ఎండి అంటుకుని ఉంది. గోటితో గీస్తే పొడిగా రాలింది. పెట్టెలో పుల్లటి వాసన వస్తోంది. దాని పొట్ట ఉబ్బి గట్టిగా ఉంది. ఏమీ తినని దాని పొట్ట ఎలా ఉబ్బుతుంది?

చలికి ముందు గోడలకు వేయడానికి అత్తగారు పెరట్లో కుండ నిండా సున్నం నానబెట్టారు.

అత్తగారి కంటికి రోజూ మందు చుక్కలు వేసేది నేను. ఈ నెల మొదటి నుంచి "అక్కర్లేదులే, నేనే వేసుకుంటా" అంటున్నారు. నిన్న చూస్తే మందు సీసా బిరడా తీసినట్టు కూడా లేదు. డ్రాపర్ మాత్రం కడిగి కిటికీలో ఆరబెట్టి ఉంది.

పొద్దున్నే నేను లేచి వాకిలి ఊడ్చి, నీళ్ళు తెచ్చి, టీ పెట్టాక, గడప దగ్గర నిలబడి వంగి సలాం చేస్తాను. అప్పటికి ఆమె ఇంకా బొంత మీద ఉండేవారు. ఇప్పుడు నేను వచ్చేసరికి లేచి, తలకు గుడ్డ కట్టుకుని, చేతులు కడుక్కుని కూర్చుని ఉంటున్నారు. కోడలి కన్నా ముందు అత్త లేస్తే అది కోడలికి తిట్టు కిందే లెక్క కదా అక్కా. కానీ ఆమె తిట్టడం లేదు. నా వైపు చూడకుండా "బతుకు బిడ్డా" అని సలాం అందుకుంటున్నారు.

నిన్న టీ దగ్గర మాటలు ఇవి.

"ఇవాళైనా తిన్నదా అది?"

"లేదమ్మా."

"అసలేమీ?"

"లేదు."

ఆమె గిన్నెలో టీ తిప్పుతూ కూర్చున్నారు. "పురుగులు పెడితే ఏం తింటుంది!"

"దాని తిండి అదేనమ్మా."

"ఎవరు చెప్పారు నీకు?"

"మస్తూరా అక్క."

దానికి ఆమె ఒక మాట అన్నారు. అది రాయను.

తినకపోతే సంతోషించాల్సిన మనిషి రోజూ ఎందుకు అడుగుతారు? పని ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికా?

హుల్కర్


తాష్కెంట్
అక్టోబరు 20

హుల్కర్,

నువ్వు రాయని మాట నాకు తెలుసు. "అత్తవారింట్లో నిలవని పిల్లకు పెంపకం గురించి ఏం తెలుసు" అనే కదా? పదాలు అటూ ఇటూ ఉండొచ్చు, అంతే. నేను వచ్చేసినప్పటి నుంచి ఆ మాట చాలా నోళ్ళలో విన్నాను.

ఎందుకు వచ్చేశానో మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీకు రాస్తున్నాను, నీ మంచికి.

నేను వండిన పులావులో ఉప్పు రెండుసార్లు పడేది. నా చెయ్యి ఒక్కసారే వేసింది. రోజూ కాదు. ఇంటికి ఎవరైనా వచ్చిన రోజు. నలుగురి ముందు మా అత్త ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నవ్వుతూ, "ఏం చేస్తాం, చదువుకున్న పిల్ల కదా" అనేది. నేను మా ఆయనకు చెప్పాను. "అమ్మకు అదే పనా?" అన్నాడు. మళ్ళీ చెప్పాను. "నీకు వంట రాదని ఒప్పుకోవడానికి ఏం?" అన్నాడు. ఇంత చిన్న విషయం, ఉప్పు. దీన్ని పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్తావు? ఎవరు నమ్ముతారు? చివరికి నా చేతినే నేను నమ్మడం మానేశాను. కూరలో ఉప్పు వేసి, వేశానా అని నిలబడిపోయేదాన్ని. అప్పుడు వచ్చేశాను.

కాబట్టి విను. తెల్లగా ఎండి రాలేది సున్నమే. ఇంకేముంటుంది చెప్పు? సున్నపు నీళ్ళు చుక్కచుక్కగా పోస్తోంది. ఒక్కసారి తొక్కి చంపితే కొడుకు అడుగుతాడు. నీ చేతుల్లో మెల్లగా చస్తే "పుస్తకాల కోడలికి ఒక బల్లిని కూడా బతికించడం రాలేదు" అంటారు. ఈ రోజు బల్లి. రేపు నీకు బిడ్డ పుడితే అప్పుడూ ఇదే మాట అంటారు.

మీ ఆయన రాగానే చెప్పు. నాలాగా ఏకాంతంలో చెప్పకు. ఆమె ముందే చెప్పు, ఆమె మొహం చూస్తూ చెప్పు.

లేదా దాన్ని బస్సులో నా దగ్గరికి పంపించు.

మస్తూరా


నురాతా
అక్టోబరు 30

అక్కా,

చెప్పాను.

ఆయన మొన్న వచ్చారు. పెట్టె దగ్గర కూర్చుని పిల్లను అరచేతిలోకి తీసుకున్నారు. అది పాకలేదు. పొట్ట డోలులా ఉంది, కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. "ఏమైంది దీనికి?" అన్నారు. సాయంత్రం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. నా గొంతు నాకే వినబడనంత చిన్నగా అన్నాను.

"అమ్మ దానికి సున్నపు నీళ్ళు పోస్తున్నారు."

ఆయన ముందు నవ్వారు. నేను నవ్వలేదని చూసి ఆపేశారు. "ఏమంటున్నావు నువ్వు?"

నేను అన్నీ చెప్పాను. ఇటుక, పిండి, డ్రాపర్, తెల్లటి చార. ఒక్కొక్కటీ చెబుతుంటే నాకే ఎవరో రాసిపెట్టింది చదువుతున్నట్టు ఉంది. అత్తగారు చేతిలో ఉన్న రొట్టె ముక్కను ముందు పరిచిన గుడ్డ మీద పెట్టారు. కాదనలేదు. లేచి తన గదిలోకి వెళ్ళిపోయారు. ఆయన నా వంక చూసిన చూపు నేను మరిచిపోలేను.

"ఆవిడ మా అమ్మ, హుల్కర్" అన్నారు. అంతే.

కాదనలేదు కదా, నిజమే అయి ఉంటుంది అనుకున్నాను. నువ్వు చెప్పినట్టు మొహం చూశాను. ఆమె మొహంలో నాకేమీ దొరకలేదు.

నిన్న పొద్దున్న బకెట్లు తీసుకుని వీధిలోకి వెళ్ళి, వాటిని గేటు దగ్గర పెట్టి, చెప్పులు విడిచి వెనక్కి వచ్చాను. అంత మాట అన్నాక కూడా వస్తారా అని. వచ్చారు.

అత్తగారు నా గదిలో నేల మీద కూర్చుని ఉన్నారు. గౌను అంచులు రెండు మోకాళ్ళ మధ్య గట్టిగా బిగించి పట్టుకున్నారు, అది అటు దూరకుండా. తలగుడ్డ కొస పళ్ళతో కరిచి ముక్కు మూసుకున్నారు. ఎడమ చేతిలో పిల్ల. ఆ చెయ్యి వణుకుతోంది. కుడి చేతిలో డ్రాపర్. పక్కన ఒక టీ గిన్నె, అందులో పాలు.

"తాగు, దిక్కుమాలిన దానా, తాగు" అంటున్నారు. "తాగి చావు. కాదు కాదు, తాగి బతుకు. నోరు తెరు. నీ మొహం చూడలేక చస్తున్నా, తెలుసా?"

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆమె తల ఎత్తి చూశారు.

"మేక పాలు" అన్నారు.

"ఎందుకమ్మా?"

"ఎందుకంటావేమిటి? ఎచ్కెమార్ పాలు లేకుండా ఎలా బతుకుతుంది? దానికి తల్లా, మేకా? నువ్వేమో పురుగులు పెడుతున్నావు. పురుగులు తిని బతికిన పసిదాన్ని ఎక్కడైనా చూశావా?"

"నాకు చెప్పి ఉండొచ్చు కదా."

"చెబితే నువ్వు నవ్వవు. నాకు తెలుసు. పుస్తకం తెచ్చి చదివి వినిపిస్తావు." ఆమె డ్రాపర్ గిన్నెలో పెట్టేశారు. "గుడ్డుగా ఉన్నప్పుడు పారెయ్యమన్నాను. విన్నారా మీరు? ఇప్పుడది పుట్టింది. నీ గదిలో, పిల్లా, నీ గదిలో మొట్టమొదట పుట్టిన ప్రాణి అది. కొత్త కోడలి గదిలో మొదట పుట్టింది చస్తే ఆ తర్వాత... వద్దులే, నా నోటితో ఎందుకు. అది బతకాలి."

"రాత్రి నేను అంత మాట అన్నాను. ఎందుకు కాదనలేదు?"

"ఏమని కాదనాలి? నా కొడుకు ముందు, ఒక బల్లికి పాలు పట్టానని చెప్పుకోవాలా?"

పిల్లను నా చేతిలో పెట్టి, గౌను మోకాళ్ళ మధ్య అలాగే పట్టుకుని, పక్కకు అడుగులు వేస్తూ గది దాటారు.

ఈ పొద్దున్న గడప దగ్గర నిలబడి సలాం చేశాను. ఆమె అందుకోలేదు. టీ గిన్నె వైపు చూస్తూ ఉండిపోయారు. మళ్ళీ వంగాను. లేచి వెళ్ళిపోయారు. ఆయన మాట్లాడటం లేదు. పిల్ల ఊపిరి తీస్తుంటే గరగరమంటోంది. అక్కా, త్వరగా రాయి.

హుల్కర్


తాష్కెంట్
నవంబరు 5

హుల్కర్,

ఇది మీ వైపు వెళ్ళే బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను.

పాలు ఆపు. ఈ జాతికి పాలు అరగవు. కడుపులో పులిసి, ఉబ్బి, అదే దాన్ని చంపుతుంది. వెడల్పు పళ్ళెంలో దాని మోచేతుల దాకా గోరువెచ్చని నీళ్ళు పోసి అందులో ఉంచు. తల మునగకూడదు. పొట్ట కింద వేలుతో మెల్లగా తోక వైపుకు నిమురు. రోజూ చేయి. తిండి ఏమీ పెట్టకు. లోపల ఉన్నదంతా బయటికి పోయాక తోక మొదలు పట్టుకుని చూడు. ఎముక తగలకుండా కాస్త మెత్తగా ఉంటే బతుకుతుంది. అప్పుడు దీపం రోజురోజుకీ తగ్గించి, ఇసుక పోసిన కుండలో వేసి, గడ్డకట్టని చల్లటి చోట నిద్రపుచ్చు. ఇవి చలికాలమంతా మట్టిలోనే ఉండి ఎండాకాలం ముందు పైకి వస్తాయి. అసలు దానికి ఇప్పుడు తిండి అవసరమే లేదేమో. ఇది నీకు మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. నీ అత్త ధ్యాసలో పడి రాయలేదు.

ఇక ఆమె మాట. నువ్వు కరిగిపోయావని నీ అక్షరాలే చెబుతున్నాయి. కాస్త ఆగు. దొరికిపోయిన మనిషికి కథ చెప్పడం కష్టం కాదు. పల్లెలో పుట్టి పెరిగిన ఆడది, పిల్ల పొట్ట ఉబ్బుతుంటే చూసి కూడా పోస్తూనే ఉందంటే తెలియక పోసిందనుకోవాలా? మేక పిల్లకు పొట్ట ఉబ్బితే పాలు ఆపాలని వాళ్ళకు తెలియదా? నేను మాత్రం నమ్మను.

మస్తూరా


నురాతా
నవంబరు 24

మస్తూరా అక్కకు,

స్నానాలు పనిచేశాయి. మూడోసారికి నీళ్ళు తెల్లగా, కంపుగా అయ్యాయి. ఆయన ముక్కు మూసుకుని నవ్వారు. ఆ మాట నేను అన్న తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. పొట్ట తగ్గింది. తోక మొదలు మెత్తగానే ఉంది అనుకుంటున్నాను, ఖాయంగా చెప్పలేను. క్యారెట్లు, దానిమ్మలు దాచుకునే నేలమాళిగలో, ఇసుక కుండలో పెట్టాను.

అత్తగారు ఇంకా సలాం అందుకోవడం లేదు. రోజూ చేస్తున్నాను. పాలు దానికి విషమని నువ్వు రాసింది ఆయన ఆమెకు చెప్పేశారు. నేను చెప్పొద్దన్నాను. ఆ రోజు ఆమె వంట చేయలేదు. అప్పటి నుంచి నేలమాళిగలోకి దిగడం మానేశారు. క్యారెట్లు కావాలంటే నన్ను పంపిస్తున్నారు.

నువ్వు రాసింది ఆలోచిస్తున్నాను. ఆమె చెయ్యి వణకడం నేను చూశాను. కానీ భయానికీ వణుకుతుంది, తప్పు చేసినా వణుకుతుంది. నాకు తెలియదు అక్కా.

హుల్కర్


తాష్కెంట్
ఫిబ్రవరి 18

హుల్కర్,

నాలుగు వాక్యాలైనా రాయి. బతికుందా, లేదా? ఇక్కడ మా నిద్రపోయే జంతువుల్లో రెండు లేవలేదు. అప్పటి నుంచి నీ కుండే కళ్ళ ముందు మెదులుతోంది.

అత్త దారికి వచ్చిందా? వచ్చే ఉంటుంది. నువ్వు ఆమె మంచితనానికి మురిసిపోయి, కాళ్ళు పట్టుకునే ఉంటావు. ఒక్క ప్రశ్న అడుగుతాను, జవాబు చెప్పుకో. నాకు కాదు, నీకు నువ్వు. ఇంట్లో పితికిన పాలలో రెండు చుక్కలు తీసి పోయడానికి ఆమెకు ఏం ఖర్చయింది? ఏమీ ఖర్చు కానిదాన్ని ప్రేమ అనుకుని నేను చాలా ఏళ్ళు మోసపోయాను. అందుకే అడుగుతున్నాను.

మస్తూరా


నురాతా
ఏప్రిల్ 2

మస్తూరా అక్కకు,

నీ ఉత్తరం వచ్చాక కూడా ఇన్ని రోజులు రాయలేదు. కుండ తెరిచే ధైర్యం లేక. తెరవకుండా రాస్తే అబద్ధం రాసినట్టు ఉంటుంది.

మంచు కరిగి, పెరట్లో బాదం పూసింది. ఆయన ఎడారి పనికి వెళ్ళిపోయారు. తెరిచేటప్పుడు నా పక్కన ఉండమని అడగడానికి ఇంట్లో ఒక్కరే ఉన్నారు. ఆమె గది గడప దగ్గర నిలబడి, సలాం చేయకుండా, "అమ్మా, నాకు భయంగా ఉంది, నాతో వస్తారా?" అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూశారు. "నేను వస్తే మళ్ళీ ఏదో పోశానంటావు."

"అనను."

"అన్నా ఎవరాపుతారు నిన్ను. పద."

ఆమె లాంతరు పట్టుకున్నారు. నేను చేత్తో ఇసుక తీశాను. తోక తగిలింది. చల్లగా, తాడు ముక్కలా ఉంది. కదలలేదు. ఆమె పైన దువా చదవడం మొదలుపెట్టారు. చచ్చినవాళ్ళకు చదివేది కాదు, ప్రయాణం వెళ్ళేవాళ్ళకు చదివేది. నేను దాన్ని తీసి, నా దగ్గర గుడ్డ లేక చొక్కా లోపల గుండెకు ఆనించి పెట్టుకుని, మెట్లు ఎక్కి ఎండలోకి వచ్చి కూర్చున్నాను. ఆమె కూడా కూర్చున్నారు. కాస్త దూరంగా, గౌను మోకాళ్ళ మధ్య బిగించి.

చాలాసేపు ఏమీ లేదు.

"తీసెయ్ పిల్లా. నీకు జలుబు చేస్తుంది" అన్నారు.

తర్వాత గోళ్ళు గుచ్చుకున్నాయి. నేను అరిచాను. ఆమె నాకన్నా గట్టిగా అరిచారు.

మళ్ళీ దీపం, మళ్ళీ రాయి. ఈసారి పెట్టెను నా గదిలో కాదు, వసారాలో పెట్టాను, ఎవరైనా చూడగలిగే చోట. ఇటుక పెట్టలేదు. తవుడు పురుగులు వేశాను, ముట్టలేదు. నల్ల పెంకు పురుగులు ఏరి తెచ్చి వేశాను, ముట్టలేదు. మళ్ళీ మొదటికి వచ్చామనుకున్నాను. అత్తగారు ఏమీ అడగలేదు. ఈసారి అడగకుండా ఉండటానికి ఆమె ఎంత కష్టపడుతున్నారో కనబడుతూనే ఉంది. పెట్టె ముందు నుంచి వెళ్తూ మెడ తిప్పేసుకునేవారు.

నిన్న నేను పిండి పిసుకుతున్నాను. వసారాలోంచి కేక.

"హుల్కర్! ఒసేయ్ హుల్కర్! పట్టింది!"

చేతుల నిండా పిండితోనే పరిగెత్తాను. పిల్ల నోట్లో పెంకు పురుగు అడ్డంగా ఉంది, కాళ్ళు బయటికి కొట్టుకుంటున్నాయి. తల ఒక్క విదిలింపు విదిలించి, సరిచేసుకుని, కరకర నమిలింది. మింగి, నాలుక చాపి, ఇంకేముంది అన్నట్టు మా వైపు చూసింది.

"ఛీ" అన్నారు అత్తగారు. "నిజంగానే పురుగులు తింటుందే ఇది."

"తింటుందమ్మా."

"మరి ఆ పేరెందుకు పెట్టారో మన పెద్దవాళ్ళు."

నేను పుస్తకం తేలేదు. ఆమె కాసేపు దాన్నే చూస్తూ నిలబడి, "నేను దాన్ని చంపబోయాను" అన్నారు, నాతో కాదు. నేను "నేను మిమ్మల్ని అన్నాను" అన్నాను. "పిండి ఎండిపోతుంది, వెళ్ళు" అన్నారు. ఈ పొద్దున్న సలాం చేస్తే అందుకున్నారు.

నీ ఉప్పు సంగతి నేను నమ్ముతున్నాను అక్కా. ఒక్క క్షణం కూడా నమ్మకుండా ఉండలేదు. నీ ఇంట్లో జరిగింది జరిగిందే. కానీ ఆమెకు ఏం ఖర్చయిందని నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు నాకు నేను చెప్పుకుని ఊరుకోలేను, నీకు రాయాలి. పోయిన వారం వీధి చివర తందూరు దగ్గర మా పొరుగింటి అన్బార్ నాకు చెప్పేదాకా నాకూ తెలియదు.

మాకు మేక లేదు. ఆ పాలు పెరటి గోడ అవతల, అన్బార్ ఇంటివి. రోజూ తెల్లవారుతుంటే అమ్మ తనే గిన్నె పట్టుకుని వాళ్ళ వాకిట్లో నిలబడి అడిగి తెచ్చేవారట. మామగారు పోయి జనాజా లేచిన రోజు నుంచి ఆ రెండిళ్ళ మధ్య మాటల్లేవు.